డ్రెక్లీ

లీడ్స్ నుంచి ఈ కార్న్‌వాల్ కొసకి వచ్చినప్పుడు
నా పెట్టెలో మూడు జతల బూట్లు, ఒక నిఘంటువు.
పోర్త్‌కెన్సా బడిలో ఆరో తరగతికి వ్యాకరణం చెప్పాలి.
అద్దెగది పడవల షెడ్డు మీద.
నేలచెక్కల సందుల్లోంచి
తారు వాసన, హెడ్లీ ట్రెవానియన్ దగ్గు
వేళ తప్పకుండా పైకొచ్చేవి.

మొదటి వారమే అడిగాను:
కిటికీ మూసుకోవడం లేదు, ఎప్పుడు బాగుచేస్తారు?
రంపం ఆపకుండా అన్నాడు, "డ్రెక్లీ."

డైరెక్ట్లీ అనే మాటని
ఉప్పునీళ్లలో నానేసి, అంచులు అరగదీసి
ఇక్కడివాళ్లు అలా పలుకుతారట.
నిఘంటువు తీశాను.
"తిన్నగా. నేరుగా. ఆలస్యం లేకుండా. వెంటనే."
స్వెటర్ తొడుక్కుని కిటికీ ముందు కూర్చున్నాను
వెంటనే కోసం.

అక్టోబరు వెళ్లింది.
నవంబరు లోపలికొచ్చి నా మంచం మీదే పడుకుంది.

కింద వంటింట్లో హెడ్లీ భార్య లవ్‌డే
పైకప్పు కారేచోట బకెట్టు పెట్టి పదకొండేళ్లు.
ఆ బకెట్టుకి పేరు కూడా ఉంది, విల్‌ఫ్రెడ్.
"పలక మారుస్తానన్నాడులే," అంది నాతో,
"పెళ్లికి ముందు పడవకి రంగేస్తానన్నాడు, అదీ వేస్తాడు."
కోపం లేదు గొంతులో.
అప్పు రేపు అని రాసిన దుకాణం పలకని
రోజూ చూసేవాళ్లకి ఉండే నిమ్మళం.

క్రియావిశేషణం అంటే
పని ఎలా, ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చెప్పేది
అని బోర్డు మీద రాశాను.
"జరక్కపోతే, మిస్?" అంది వెనక బెంచీ.

సొంతవాక్యాల్లో టెగెన్ రోస్‌వార్న్ రాసింది:
మా నాన్న డ్రెక్లీ సిగరెట్లు మానేస్తాడు.
ఎర్రసిరాతో కొట్టేశాను.
నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.
"మానాడు అని రాస్తే అబద్ధం.
మానడు అని రాస్తే అమ్మ ఏడుస్తుంది.
మరి ఏం రాయాలి?"
నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టారు, బతికాను.

క్రియ లేని క్రియావిశేషణం,
అని నవ్వుకున్నాను ఆ రాత్రి,
తెలివైనదాన్ననుకుని.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, గాలి
కిటికీ రెక్కని చెంపలు వాయిస్తుంటే
కింద పేజర్ కూసింది.
రంపం నేలమీద పడిన చప్పుడు.
తలుపు.
అంతే.
తొంగిచూస్తే వాలువీధిలో పరుగెడుతున్నారు
లైఫ్‌బోటు షెడ్డు వైపు ఏడుగురు.
రొట్టెల డెన్‌జిల్ మోచేతుల దాకా పిండి,
టెగెన్ తండ్రి పైజామా మీదే, నోట్లో వెలిగించని సిగరెట్టు,
అందరికన్నా ముందు హెడ్లీ,
అరవై రెండేళ్ల మోకాళ్లతో.
ఒక్కడూ ఒక్క మాటా అనలేదు.
విశేషణాలన్నీ ఒలిచేసిన ఉత్త క్రియ
వాలులో దూకుతూ పోయింది.

కిందికి దిగాను. లవ్‌డే చెప్పులేసుకుని నిలబడి ఉంది.
ఎప్పుడొస్తారు అన్నాను, అనకూడదని తెలీక.
నావైపు చూసింది.
ఆ మాట పెదవి దాకా వచ్చి వెనక్కి పోవడం
నేను కళ్లారా చూశాను.
ఆ రాత్రి ఆ ఊళ్లో ఎవరూ దాన్ని వాడలేదు.
విల్‌ఫ్రెడ్ నిండింది. పారబోశాం. మళ్లీ నిండింది.

అయిదున్నరకి వచ్చారు,
ఎవరిదో విరిగిన షికారు పడవలోంచి
ఇద్దరు ఫ్రెంచి కుర్రాళ్లని దుప్పట్లలో చుట్టుకుని.
గుమ్మంలో నీళ్లు కారుతూ హెడ్లీ అడిగాడు:
"టీ ఉందా?"
"డ్రెక్లీ," అంది లవ్‌డే,
కుర్చీలోంచి లేవకుండా,
అతని తడిచిన చొక్కా చెయ్యి వదలకుండా,
చాలాసేపు.

టెగెన్‌కి మార్కు తిరిగి వేశాను.
కిటికీ సంగతి మళ్లీ ఎత్తలేదు.
ఆ సందులో నిఘంటువుని
అడ్డంగా దోపితే సరిగ్గా పట్టింది.
గాలి ఆగింది,
చాలావరకు.